ప్రజాప్రయోజనం: ఏ ప్రజ, ఎవరి ప్రయోజనం?

మన పల్లెల్లో ‘ఊరంతా కదిలొచ్చింది’ అంటే వాడ రాలేదనే అర్థం. ఊరుమ్మడి బావి వుంటుంది, ఊరుమ్మడి చెరువు వుంటుంది, ఊరుమ్మడి గుడి వుంటుంది. ఆ ఉమ్మడిలో మాల మాదిగలు లేరని ఎవరూ బోర్డు రాసి పెట్టరు. రాయనక్కర్లేదు, అందరికీ తెలుసు. కోర్టుల్లో ‘ప్రజాప్రయోజనం’ అనే మాట వినపడ్డప్పుడల్లా మనం అడగాల్సింది ఈ ఊరుమ్మడి బావి ప్రశ్నే. ఈ ప్రజలో మేమున్నామా?

ఈ ప్రశ్న పట్టుకుని రెండు సంస్థల కోర్టు పోరాటాల్ని పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి, 1980లో హెచ్.డి. శౌరీ ఢిల్లీలో స్థాపించిన కామన్ కాజ్. దాని పేరులోనే ‘ఉమ్మడి’ వుంది. రెండోది, పాకీ పని చేసిన కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఆంధ్రప్రదేశ్‌లో సాంఘిక సంక్షేమ శాఖ చూసిన ఐఎఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ వంటివాళ్లు నిలబెట్టిన సఫాయి కర్మచారి ఆందోళన్.

ముందు ఈ ప్రజాప్రయోజన వ్యాజ్యం ఎట్లా వచ్చిందో గుర్తు చేసుకోవాలి. హక్కు పోయినవాడే కోర్టుకు రావాలన్నది పాత నియమం. ఎమర్జెన్సీ తర్వాత జస్టిస్ భగవతి, జస్టిస్ కృష్ణయ్యర్ల కాలంలో ఆ నియమం సడలింది. బీహార్ జైళ్లలో విచారణ లేకుండా మగ్గుతున్న ఖైదీల కేసు (1979), ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసు (1982) ఆ సడలింపు వల్లే సాధ్యమయ్యాయి. పేదవాడు కోర్టుకు రాలేకపోతే అతని తరఫున మరొకరు రావచ్చునని 1981లో ఎస్.పి. గుప్తా తీర్పు ఖరారు చేసింది. మంచిదే. కాని ఆ తలుపు తెరుచుకోవడంతోనే ఇంకో వీలు కూడా వచ్చింది. బాధితుడు లేకుండానే బాధ గురించి మాట్లాడే వీలు. ఆ మీదట బాధితుడినే ముద్దాయిని చేసే వీలు. ఢిల్లీ చెత్త గురించి పడ్డ అల్మిత్రా పటేల్ కేసులో 2000లో సుప్రీంకోర్టు ఏమన్నదో తెలుసు కదా. గుడిసెలవాళ్లకు ప్రత్యామ్నాయ స్థలం ఇవ్వడాన్ని జేబుదొంగకు బహుమానం ఇవ్వడంతో పోల్చింది. ఊరు శుభ్రంగా వుండాలని వేసిన కేసులో ఊరిని శుభ్రం చేసేవాళ్లు, గుడిసెల్లో వుండేవాళ్లు నేరస్తులైపోయారు.

కామన్ కాజ్‌ను ఈ లెక్కలో వేసి తోసిపారేయడం న్యాయం కాదు. రిటైరైన తేదీని బట్టి పెన్షన్‌లో తేడా చూపకూడదన్న 1982 నాటి నకారా కేసులో అది పిటిషన్‌దారు. ఆ తీర్పుతో పెన్షన్ వున్న దళిత ఉద్యోగికీ మేలు జరిగింది. 2012లో 2జి లైసెన్సులు రద్దయిన కేసులో, 2014లో బొగ్గు గనుల కేటాయింపులు రద్దయిన కేసులో, 2024 ఫిబ్రవరి 15న ఎన్నికల బాండ్లు కొట్టేసిన కేసులో దాని పేరుంది. దేశసంపదను దోచేవాళ్లను నిలదీయడం చిన్న విషయం కాదు. గనుల కింద పోయే భూమి ఎవరిదో మనకు తెలుసు కాబట్టి యిది మన విషయం కూడా.

అయితే ఆ సంస్థ పట్టుకున్న సమస్యల్లో దళితుడి వీపు మీద నేరుగా వాత పెట్టేది ఒకటుంది. అది పోలీసు. పోలీసు సంస్కరణల కోసం మాజీ పోలీసు అధికారులు ప్రకాశ్ సింగ్, ఎన్.కె. సింగ్‌లతో కలిసి కామన్ కాజ్ 1996లో సుప్రీంకోర్టుకెళ్లింది. పదేళ్లకు, 2006 సెప్టెంబర్ 22న తీర్పొచ్చింది. కోర్టు ఏడు ఆదేశాలిచ్చింది. రాష్ట్ర భద్రతా కమిషన్ పెట్టాలి. డిజిపికి రెండేళ్లు గ్యారంటీగా పదవి వుండాలి. దర్యాప్తు వేరు, శాంతిభద్రతలు వేరు చేయాలి. బదిలీలకు ఒక బోర్డు వుండాలి. పోలీసుల మీద ఫిర్యాదులకు ఒక అథారిటీ వుండాలి. ఇంకా యిట్లాంటివి.

ఈ ఏడింట్లో కులం అనే మాట వెతికితే దొరకదు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం కావాలని విధి నిర్లక్ష్యం చేసిన అధికారికి జైలు శిక్ష పడాలి. ఆ సెక్షన్‌ను అమలు చేయించడం సంస్కరణ కిందికి రాలేదు. ఎందుకు రాలేదు? పిటిషన్ వేసినవాళ్లు దళిత వ్యతిరేకులనా? కాదు. వాళ్లు చూసిన పోలీసు సమస్య వేరు. వాళ్ల దృష్టిలో జబ్బు రాజకీయ జోక్యం. నిజాయితీ గల ఎస్పీని ఎమ్మెల్యే బదిలీ చేయిస్తాడు, కాబట్టి ఎస్పీని ఎమ్మెల్యే నుంచి విడిపించాలి. పై అధికారి కుర్చీలోంచి చూస్తే జబ్బు అట్లాగే కనపడుతుంది. వాడలోంచి చూస్తే యింకోటి కనపడుతుంది. ఫిర్యాదు పట్టుకుని స్టేషన్ గుమ్మం ముందు పొద్దుననగా నిలబడ్డవాడికి అడ్డం ఎమ్మెల్యే ఒక్కడే కాదు. ‘రాజీ పడండిరా’ అనే హెడ్డు, కౌంటర్ కేసు రాసే రైటరు, భూస్వామితో కలిసి టీ తాగే ఎస్సై. రాజకీయాల నుంచి విడుదలైన పోలీసు కులం నుంచి విడుదలవుతాడా? ఈ ప్రశ్న వేయడానికి ఆ పిటిషన్‌లో మనవాళ్లెవరూ లేరు.

తీర్పు వచ్చిన సరిగ్గా వారానికి, 2006 సెప్టెంబర్ 29న మహారాష్ట్రలోని ఖైర్లాంజిలో సురేఖ భోత్మాంగేని, ఆమె కూతురు ప్రియాంకని, కొడుకులు రోషన్, సుధీర్‌లని ఊరు మీదపడి చంపింది. పోలీసుల నిర్లక్ష్యం బయటపడి కొందరు సస్పెండయ్యారు. 2008లో కింది కోర్టు హంతకులకు శిక్షలు వేసింది గాని అత్యాచారాల చట్టం కింద వేయలేదు. 2010లో హైకోర్టూ అంతే. హత్య జరిగింది గాని కులం జరగలేదు! ఏడు ఆదేశాలూ అప్పటికి అక్షరం పొల్లుపోకుండా అమలై వుంటే ఖైర్లాంజి ఆగేదా? ఆగేదని ఆ ఏడింట్లో ఏదీ నాకు హామీ యివ్వడం లేదు.

కామన్ కాజ్ ఆ తర్వాత కొంత కదిలింది. 2018 నుంచి లోక్‌నీతి-సిఎస్‌డిఎస్‌తో కలిసి వెలువరిస్తున్న పోలీసు వ్యవస్థ నివేదికల్లో బలగాల్లో ఎస్సీ, ఎస్టీల ప్రాతినిధ్యం గురించీ, పోలీసుల మనసుల్లో వున్న పక్షపాతాల గురించీ అడుగుతున్నారు. మెచ్చుకోవాల్సిందే. కాని పిటిషన్ ముందు, ప్రశ్న తర్వాత వచ్చింది.

రెండో సంస్థ కథ యిందుకు తలకిందులు. 1993లో పాకీ పనిని నిషేధిస్తూ చట్టమొచ్చింది. పదేళ్లు గడిచినా తట్ట దిగలేదు. 2003లో సఫాయి కర్మచారి ఆందోళన్ మరికొన్ని సంఘాలతో కలిసి సుప్రీంకోర్టులో కేసు వేసింది. ఆ పని చేసే సమూహానికి చెందిన ఏడుగురు వ్యక్తులు కూడా అందులో పిటిషన్‌దారులు. ‘మా దగ్గర పాకీ పని లేదు’ అని రాష్ట్రాలు అఫిడవిట్లు వేశాయి. అప్పుడు ఉద్యమం ఊరూరా తిరిగి ఫోటోలు తీసింది, పేర్లు రాసుకుంది, కోర్టు ముందు పెట్టింది. ఇక్కడ సాక్ష్యం లైబ్రరీలో పుట్టలేదు, తట్ట మోసినవాళ్ల దగ్గర పుట్టింది. బాధితుడు ఆ కేసులో ఫోటోగా లేడు, పిటిషన్‌దారుగా వున్నాడు. తేడా అంతా అక్కడుంది.

మరి గెలిచారా? పదకొండేళ్లకు, 2014 మార్చి 27న తీర్పొచ్చింది. 1993 నుంచి మురుగు కాల్వల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి పది లక్షలివ్వాలంది. అంతకు ముందే కొత్త చట్టం 2013 డిసెంబర్ నుంచి అమల్లోకొచ్చింది. ఆ చట్టంలోనే ఒక మెలిక వుంది. రక్షణ పరికరాలిచ్చి చేయిస్తే అది పాకీ పని కిందికి రాదట. చేతికి గ్లవుసు తొడిగితే కులం మారుతుందా? 2011 జనాభా లెక్కల్లో మనుషులు చేత్తో ఎత్తే మరుగుదొడ్లున్న ఇళ్లు 7,94,390 అని ప్రభుత్వమే రాసుకుంది. 2023 అక్టోబర్‌లో మరో కేసులో సుప్రీంకోర్టు నష్టపరిహారాన్ని ముప్పై లక్షలకు పెంచింది. చావు ధర పెరిగింది. చావు ఆగాలన్నది గదా మొదటి కోరిక.

అందుకని కోర్టు దండగ అనే మాటకు నేను రావడం లేదు. హక్కు పోతే నేరుగా సుప్రీంకోర్టుకెళ్లే 32వ అధికరణాన్ని రాజ్యాంగానికి గుండెకాయ అని అంబేద్కర్ ఊరికే అనలేదు. కాని కోర్టును ఎట్లా వాడాలో మనకు చుండూరు చెప్పింది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని నరికిన ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారించాలని బాధితులు పట్టుబట్టారు, పెట్టించారు. ఊరు మీద అంత మాత్రం అధికారం సంపాదించారు. 2007లో ఆ కోర్టు 56 మందికి శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు వాళ్లను విడుదల చేసింది. పాకీ పని తీర్పొచ్చి నెల కూడా కాలేదు. ఒక కోర్టు యిచ్చింది, ఒక కోర్టు తీసుకుంది. చుండూరువాళ్లు ఓడిపోయారనే అందామా? వాళ్లు తమ వకాల్తా ఎవరికీ రాసివ్వలేదు. కేసు నడిచినన్నాళ్లు ఉద్యమమూ నడిచింది.

పౌరసమాజ సంస్థలకు యిదే చెప్పాలి. పరిపాలన బాగుపడాలంటున్నారు, సంతోషం. అయితే పిటిషన్ రాయడానికి కూర్చునే ముందు వాడకు రండి. సంస్కరణ ఏమిటో మీరు తేల్చుకుని మమ్మల్ని బాధితులుగా పిలవడం కాదు, జబ్బు ఏమిటో తేల్చే దగ్గరే మేముండాలి. పోలీసు సంస్కరణకు ఎనిమిదో ఆదేశం ఏమై వుండాలో చుండూరు తల్లుల్నడిగితే చెప్పేవాళ్లు. ఎవరూ అడగలేదు.