కొయ్య జలాంతర్గామి: చూపునది, దాచునది

పత్తిచేల నడుమ, మిరపకళ్ళాల నడుమ పెరిగిన గుంటూరు, ప్రకాశము జిల్లాల విద్యార్థి పడవ నెరుగును, జలాంతర్గామి నెరుగడు. నిజమైనదానిని చూడవలెనన్నచో విశాఖపట్టణము పోవలెను. 2001లో నౌకాదళ సేవనుండి విరమించిన ‘కురుసుర’ 2002 నుండి అచ్చటి సముద్రతీరమున ప్రదర్శనశాలగా నిలిచియున్నది. అంత దూరము పోలేని పాఠశాలకు కొయ్య నమూనాయే దిక్కు. చెక్కుటలో తెలుగువారికి నేర్పు కొరవడలేదు. కృష్ణ కావలనున్న కొండపల్లిలో తెల్ల పొణికి కొయ్యతో తరతరములుగా బొమ్మలు చేయుచున్నారు. అయితే బొమ్మకు పోలిక యున్న చాలును. నమూనా కొలతకు నిలువవలెను.

జపాను నౌకాదళమునకు చెందిన ‘ఐ-29’ను ఉదాహరణముగా గైకొనవచ్చును. 1943 ఏప్రిల్ చివర, మడగాస్కరు ప్రాంతపు సముద్రములో, సుభాస్ చంద్రబోసును, ఆయన వెంటనున్న హైదరాబాదు వాసి ఆబిద్ హసనును జర్మను జలాంతర్గామి ‘యు-180’ నుండి రబ్బరు తెప్పమీదుగా ఎక్కించుకొన్న నౌక ఇదియే. 1944 జూలైలో అమెరికా జలాంతర్గామి ‘సాఫిష్’ దీనిని టార్పెడోలతో ముంచివేసినది. ఇక దీని రూపమును చేతితో తడిమి తెలిసికొనుటకు కొయ్య తప్ప వేరు సాధనము లేదు. కావుననే ఆ కొయ్య తప్పు చెప్పరాదు.

నౌక పొడవు 108.7 మీటర్లు, వెడల్పు 9.3 మీటర్లు. నూరవవంతు నమూనాలో ఇవి సెంటీమీటర్లగును. అనగా రెండున్నర మూరల పొడవునకు బెత్తెడు మించిన వెడల్పు. ఈ సన్నదనమును పుస్తకములోని పటముకంటె కొయ్య చక్కగా చూపును. వీక్షణ గోపురమునకు ముందున్న పొడవైన ఉబ్బు చిన్న సముద్రవిమానమును మడచి దాచు గది. దీనిని చెక్కక విడిచిన నమూనా ఐ-29 కానేరదు. పైతట్టుమీద 1.7 సెంటీమీటర్ల మనిషి నొకని నిలిపినచో, సుమారు 94 మంది ఎంత ఇరుకున బ్రదికిరో చూచినవారికి తెలియును. చాల నమూనాలలో తుపాకి యుండును, మనిషి యుండడు.

అసలు లోపము వేరొకటి. పొడవు నూరు రెట్లు తగ్గినచో ఘనపరిమాణము పదిలక్షల రెట్లు తగ్గును. ఐ-29 నీటిపై సుమారు 2,600 టన్నులు, మునిగినపుడు 3,700 టన్నులు తూగెడిది. కాబట్టి నమూనా నీటిపై 2.6 కిలోలు, మునిగినపుడు 3.7 కిలోలు తూగవలెను. పొణికి దిమ్మ అంత తూగదు. బెండువలె పైకి తేలును. టేకు దిమ్మ మొదటి బరువునకు ఇంచుమించు సరిపడును గాని అదియు మునుగదు. మునుగుటకే పుట్టిన నౌకను మునుగలేని ముద్దగా చూపి ఆర్కిమెడీసు సూత్రము చెప్పుట ఎట్లు?

జిన్నింగు మిల్లులో దూదిని నొక్కి 170 కిలోల బేలు కట్టుదురు. అక్కడ బరువు మారదు, పరిమాణము తగ్గును. జలాంతర్గామి సంగతి తలక్రిందులు: పరిమాణము మారదు, బరువు మారును. పక్క తొట్లలోనికి సముద్రజలమును వదలినచో మునుగును. బిగించి నిలువజేసిన గాలితో ఆ నీటిని వెడలగొట్టినచో పైకి వచ్చును. నమూనాకు కావలసిన నీరు లీటరుకు కొంచె మెక్కువ, అంతే! పట్టుదలగల విద్యార్థి కొయ్యను రెండుగా కోసి, లోపల తొలిచి, రేకుతొట్లు అమర్చవచ్చును. అది చేతకానిచో ఒక పక్క తెరచి, తొట్లకు రంగువేసి చూపిన చాలును. పక్కన నీటితొట్టిలో, బిరడాకు రెండు గొట్టములు గ్రుచ్చిన గాజుసీసా నుంచి, ఒక గొట్టములో గాలి నూదినచో రెండవదానినుండి నీరు వెడలి సీసా లేచును. వార్నీషు మెరుపునకు మార్కులు వేయు పరీక్షకులు ఈ సీసాకును కొన్ని కేటాయింపవలెను.

పేరుపలక విషయము కూడ కలదు. దానిపై సాధారణముగా బోసు ప్రయాణ మొక్కటే వ్రాయుదురు. ఈ నౌకయే 1942లో హిందూమహాసముద్రమున వర్తకపు ఓడలను ముంచినది. ఆ యేడే ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణముపై, కాకినాడపై బాంబులు వేసినవి. మీటరు పొడవు నమూనా క్రింద ఈ రెండు పంక్తులకు చోటు లేకపోదు.