బరువున్న మాయ

ముందు పళ్లెం నిండా లడ్డూలు. ఎదురుగా ఘటోత్కచుడు. చెయ్యి చాపడు, నోరు మాత్రం తెరుస్తాడు. ఒక లడ్డు లేచి గాల్లో తేలి వచ్చి ఆ నోట్లో పడుతుంది. దాని వెనకే ఇంకోటి. 1957 మార్చి 27న ‘మాయాబజార్’ విడుదలైన నాటి నుంచి తెలుగువాళ్లు ఈ దృశ్యం చూస్తూనే ఉన్నారు, ఇంకా తనివి తీరలేదు. కెమెరా పట్టిన మార్కస్ బార్‌ట్లీ దగ్గర కంప్యూటర్ లేదు. ఫిల్ము, దీపాలు, అంతులేని ఓపిక ఉన్నాయి. అయితే ఆ లడ్డూలు ఇన్నేళ్లు నిలిచింది కెమెరా పనితనం ఒక్కదానితోనే కాదు. ఎస్వీ రంగారావు ముఖం చూడండి. బుగ్గలు పొంగుతాయి, కనుగుడ్లు తర్వాతి పళ్లెం వైపు దొర్లుతాయి, నవ్వుకు ఆ భారీ ఒళ్లంతా కదులుతుంది. గాల్లో తేలినంతసేపూ లడ్డుకు బరువు లేదు. దానికి బరువు వచ్చింది, తీపి వచ్చింది ఆ బుగ్గలోనే.

మాయకు బరువు కావాలి. ఆ బరువును ఎవరో ఒకరు తమ ఒంటితో ఇవ్వాలి. చేత్తో చేసిన వింత గొప్పదా, కంప్యూటర్‌లో చేసిన వింత గొప్పదా అని వాదించుకునేవాళ్లు సినిమా అభిమానుల్లో ఎందరో. నాకు మాత్రం మంచి మాయకూ చెడ్డ మాయకూ మధ్య గీత అక్కడ కనబడదు.

అదే సినిమాలో గింబళి అనే తివాచీని తలచుకోండి. మగపెళ్లివారి తరఫున వచ్చిన శర్మ, శాస్త్రి దాని మీద కాలు పెట్టగానే తనంతట తాను చుట్టుకుపోతుంది. గిల్పమనే మంచమైతే కూర్చున్నవాళ్లను నిలవనివ్వదు. తివాచీ, మంచం రోజూ ఇంట్లో చూసేవే. కదలకపోవడమే వాటి గుణం. ఆ గుణం తప్పినప్పుడు పుట్టేదే విస్మయం. అద్భుత రసానికి స్థాయిభావం విస్మయమన్నారు పెద్దలు. ఆ వేషాల్లో అల్లు రామలింగయ్య, వంగర ఆ తివాచీలో చిక్కుకుని పడే పాటు చూస్తే, గుడ్డ ఎంత మందమో మన ఒంటికి తెలుస్తుంది. సినిమా మొదట్లో మెరిసే ద్వారకా నగరం కూడా అంతే. యాభై అడుగులకు అరవై అడుగుల చోటులో దాదాపు 300 బొమ్మ ఇళ్లు కట్టి, ఇంటింటికీ విడిగా కరెంటు దీపం పెట్టారు. అన్ని దీపాలు పెట్టకపోయినా కథ నడిచేది. పెట్టారు కాబట్టే ఆ ఊళ్లో మనుషులున్నారని నమ్ముతాం.

మా ప్రాంతపువాళ్లకు ఇలా నమ్మడం సినిమా నేర్పలేదు. ఒగ్గు కథ నేర్పింది. వేములవాడ దగ్గరి హనుమాజీపేట ఒగ్గు కథకుడు మిద్దె రాములు ఊరు. సినారె పుట్టింది కూడా ఆ ఊళ్లోనే. ‘గులేబకావళి కథ’ అనే జానపద సినిమాకు 1962లో పాటలు రాసిన సినారెను, డోలు ముందు నిలబడి ఎల్లమ్మ కథ చెప్పిన రాములును ఒకే ఊరు కన్నది. ఒగ్గు కథలో తెర లేదు, సెట్టింగు లేదు. భుజం మీది కండువా తల మీదికి వస్తే కథకుడు ఆడది అవుతాడు, నడుముకు బిగిస్తే రాజు అవుతాడు. డోలు దరువు మారగానే గొంతు మారుతుంది, మెడ వంపు మారుతుంది, కళ్లు ఎర్రబడతాయి. ఎదుట కూర్చున్న ముసలమ్మకు అది కండువా అని తెలుసు. అయినా దేవత వచ్చిందని చేతులు జోడిస్తుంది. తెలిసి తెలిసి ఆ మాయకు లొంగడంలో ఉన్న ఆనందమే రసం. దానికి పెట్టుబడి కథకుడి చెమట.

ఈ చూపుతో ‘ఈగ’ దగ్గరికి వెళితే ఆ సినిమా ఎందుకంత పట్టేస్తుందో అర్థమవుతుంది. 2012లో వచ్చిన ఆ సినిమాలో కథానాయకుడైన ఈగ పూర్తిగా కంప్యూటర్ బిడ్డ. దాన్ని తీర్చిదిద్దిన మకుట సంస్థకు జాతీయ పురస్కారం వచ్చింది. ఆ ఈగకు మాట లేదు. మనిషి ముఖం తగిలించి ముద్దు చేయకుండా దాన్ని ఈగలాగే ఉంచడం రాజమౌళి తీసుకున్న గొప్ప నిర్ణయం. కానీ ఈగ ఉందని మనకు చెప్పేది ఎవరు? విలన్‌గా నటించిన సుదీప్. చెవి దగ్గర జుమ్మనగానే అతని మెడ నరం బిగుస్తుంది. నిద్రలో చెయ్యి విసురుతాడు, తన చెంప తానే కొట్టుకుంటాడు. రాను రాను కంటికింద నలుపు, భుజాల్లో వణుకు, లేని శబ్దానికి కూడా ఉలిక్కిపాటు. షూటింగులో అతని ఎదుట ఏమీ లేదు, ఖాళీ గాలి. ఆ గాలికి భయపడి చూపించాడు. ఈగ పుట్టింది కంప్యూటర్‌లోనే కావచ్చు, దాని బరువంతా మోసింది మాత్రం సుదీప్ భుజాలు. ఆ ఏడాది తెలుగు తెర మీద అంతకంటే గొప్ప అభినయం నేను చూడలేదు.

కోరుట్ల నుంచి జగిత్యాల పోయే బస్సులో పక్క సీటు కుర్రవాడు ఫోన్లో సినిమా చూస్తుంటాడు. గల్ఫ్‌లో పనిచేసే అన్నలు, బావలు డ్యూటీ దిగాక చూసేదీ ఆ అరచేతి తెర మీదనే. అంత చిన్న తెర మీద మాహిష్మతి కోటలు అగ్గిపెట్టెలంత అయిపోతాయి. అయినా 2015 నాటి ‘బాహుబలి’లో కొన్ని ఘట్టాలు చెక్కుచెదరవు. ఆ జలపాతం చూడండి. కేరళలోని అతిరాప్పిళ్లిలో దూకే నిజమైన నీళ్లు ఆ దృశ్యానికి మూలం. కంప్యూటర్ దాన్ని ఆకాశం దాకా సాగదీసింది. మూలంలో నీరు నీరే కనుక దూకుడు దూకుడుగానే ఉంది. రానా ఎద్దును లొంగదీసే చోట సాబూ సిరిల్ బృందం చేసిన యంత్రపు ఎద్దు ఉంది. ఎదురు తోసేదేదో ఉంటేనే మనిషి మోచేతిలో ఆ బిగువు వస్తుంది. అదే సినిమా యుద్ధంలో వేలమంది సైనికులు చీమల్లా పారే దూరపు షాట్లు నాకు ఒక్కటీ మనసులో నిలవలేదు. తాటిచెట్లంత ఎత్తు ఎగిరి పడ్డవాళ్లకు దెబ్బ తగిలినట్టే ఉండదు.

హాలీవుడ్‌లో కంప్యూటర్ గ్రాఫిక్సు తొలినాళ్ల పాఠం కూడా ఇదే. 1993 నాటి ‘జురాసిక్ పార్క్’లో డైనోసార్లు తెర మీద కనిపించేది ఓ పావుగంట. అందులో కంప్యూటర్ చేసింది ఆరు నిమిషాల దాకానే. మిగిలిందంతా స్టాన్ విన్‌స్టన్ బృందం కట్టిన రబ్బరు, ఉక్కు. వానలో తడిసిన ఆ చర్మం చూశాక కంప్యూటర్ బొమ్మ పరుగెత్తినా మన కంటికి తేడా పట్టదు. అసలు కొలత ముందే కంటికి అందింది. 2023 నాటి ‘ఆదిపురుష్’లో ఆ కొలతే లేదు. నటుల కాళ్లకు నేల తగలదు, ముఖాల మీద పడే వెలుగు ఏ సూర్యుడిదో తెలియదు. రామకథ మీద ప్రేమతో వెళ్లినవాళ్ల మనసు నొచ్చుకుంది. రామరావణ యుద్ధాన్ని వీధి నాటకాల్లో అట్ట కిరీటాలతో చూసి కళ్లు తుడుచుకున్న జనం వాళ్లు.

ఇక అగ్గిపెట్టెలో ఇమిడే చీర నేసిన సిరిసిల్లకు వస్తాను. వింతను వేళ్లతో తాకి చూసే ఊరది. ఆ ఊరి బిడ్డ వేణు ఎల్దండి తీసిన ‘బలగం’ 2023 మార్చి 3న వచ్చింది. సిరిసిల్ల పల్లెల్లోనే తీశారు. మాయలూ మంత్రాలూ లేవు. అయినా మన తరం తెలుగు సినిమాలో అద్భుత రసం అంతగా పండిన చోటు ఇంకోటి చూపమంటే నేను తడుముకుంటాను. కొమురయ్య చనిపోయాడు. ఆకులో అన్నం, ఆయనకు ఇష్టమైనవి పెట్టి అందరూ దూరం జరిగారు. పిట్ట ముట్టాలి. ముట్టలేదు. కెమెరా ఒక్కో ముఖం మీదికి పోతుంది. కొడుకులు, అల్లుడు, కూతురు, ఊరి పెద్దమనుషులు, అందరి తలలు పైకెత్తి ఉన్నాయి. చెట్టు ఖాళీ, ఆకాశం ఖాళీ. తెర మీద లేని కాకి ఆ క్షణంలో సినిమా మొత్తానికి బరువైన పాత్ర అయింది. ఎదురుచూసే కళ్లే దాన్ని తయారు చేశాయి. జగిత్యాల అవతలి పల్లెల్లో ‘బలగం’ను ఊరి నడుమ తెర కట్టి చూసినప్పుడు కూడా జనం తలెత్తి చూసింది ఆ లేని పిట్ట కోసమే. చివర బలగమంతా కలిసి ఏడ్చాక కాకి వచ్చి వాలితే, అది ఏ కాకి, ఎలా తెచ్చారు అని అడగాలనిపించదు.

‘బలగం’ తర్వాత వేణు ‘ఎల్లమ్మ’ పేరుతో సినిమా ప్రకటించారు. ఆ కథ మా దగ్గర డోలు మీద బతికింది. అమ్మవారి మహిమలు చూపించాలంటే నేడు ఏ స్టూడియో అయినా నిప్పులు కురిపించగలదు, భూమి చీల్చగలదు. 1995 నాటి ‘అమ్మోరు’లోనే కోడి రామకృష్ణ ఆ దారి తెరిచారు. అక్కడ కూడా గుండె ఝల్లుమనిపించింది రమ్యకృష్ణ కళ్లే. ఎల్లమ్మ వచ్చే ఘడియలో గ్రాఫిక్సు కాస్త పక్కకు జరిగి, దరువుకు తల ఊపుతూ నిలబడే ఒక మనిషికి చోటివ్వాలని నా కోరిక. గాలికి లేచే పసుపు, వెనక కమ్ముకునే మబ్బు కంప్యూటర్ చేస్తే చేయనీ. పూనకం మాత్రం నటించే మనిషి నరాల్లోనే రావాలి.