హార్డీ నవలలో పల్లె చర్చి: విమర్శ

థామస్ హార్డీ నవల ‘అండర్ ద గ్రీన్‌వుడ్ ట్రీ’ (1872)ని చాలామంది డిక్, ఫ్యాన్సీల ప్రేమకథగానే చదువుతారు. మీరు ఆ జంటను కాసేపు పక్కన పెట్టి, మెల్‌స్టాక్ చర్చి వాద్యబృందాన్ని గమనించండి.

మెల్‌స్టాక్ చర్చి ఇంగ్లండ్‌లోని ఒక ఆంగ్లికన్ పారిష్ చర్చి. అక్కడ ఆదివారం ఆరాధనలో ఫిడేళ్లు వాయించేది సరకుల బండి తోలేవాడు, బూట్లు కుట్టేవాడు వంటి శ్రామికులు. కొత్తగా వచ్చిన వికార్ మేబోల్డ్ వారికి బదులు ఆర్గాన్ పెట్టదలుస్తాడు. దాన్ని వాయించేది బడిపంతులమ్మ ఫ్యాన్సీ. ఆమెకోసం పట్టుబట్టినవాడు చర్చి వార్డెన్, ధనిక రైతు షైనర్. బృందం ఎదురుతిరగదు. గౌరవంగా తప్పుకోవడానికి కొంత గడువు మాత్రమే కోరుతుంది.

ఇంతకీ చర్చి ఎవరిది? ఆర్గాన్ మోగిన రోజున వాద్యకారులు భార్యల పక్కన, చేతులు ఏం చేసుకోవాలో తోచక ఇబ్బంది పడతారు. నిన్నటిదాకా ఆరాధనకు సంగీతం అందించినవారు నేడు శ్రోతలయ్యారు. అధికారం ఎవరిదో ఈ ఒక్క దృశ్యం తెలుపుతుంది.

హార్డీ తండ్రి, తాత స్టిన్స్‌ఫోర్డ్ చర్చిలో ఇలాగే వాయించారు. బృందం స్థానంలో ఒక్క ఆర్గాన్ వాద్యకారుడు రావడంతో చర్చి పనులపై ఊరివారి ఆసక్తి తగ్గిందని 1896 నాటి ముందుమాటలో హార్డీ పేర్కొన్నాడు. ముందుమాటలోని ఈ బాధ నవల ముగింపులో కనిపించదు. పెళ్లి సందడి దాన్ని మరిపిస్తుంది. నవలకున్న పరిమితి ఇదే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: నవలలోని హాస్యం బృందం కోల్పోయినదాన్ని చూపుతుందా, కప్పిపుచ్చుతుందా? రెండు సన్నివేశాల ఆధారంగా చర్చించండి.