ఒకే పుట, పలు సభలు

అమెరికా మాధ్యమ పరిశోధకురాలు డేనా బాయ్డ్ రాసిన ‘ఇట్స్ కాంప్లికేటెడ్’ 2014లో వెలువడింది. సామాజిక మాధ్యమాలలో కౌమారవయస్కులు తమను తాము ఎలా చూపుకుంటారన్నది అందులో ఒక ముఖ్యవిషయం.

లాస్ ఏంజెలెస్ నల్లజాతి యువకుడొకడు పేరున్న విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టాడు. ముఠాలున్న వాడను విడిచిపోవాలని వ్యాసంలో రాశాడు. అతని మైస్పేస్ పుట నిండా మాత్రం ముఠా గుర్తులే. అతడెందుకు అబద్ధమాడాడని ప్రవేశాధికారి బాయ్డ్‌ను అడిగారు. ఆ గుర్తులు వాడలో ప్రాణం కాపాడుకోవడానికేమోనని ఆమె ఊహించింది.

సభనుబట్టి మనిషి తీరు మారుతుందని ఎర్వింగ్ గాఫ్‌మన్ 1950లలోనే వివరించాడు. ఒక సభకు ఉద్దేశించినది మరో సభ కంటపడినప్పుడు, పొరపాటు చూసేవారిది కూడా కావచ్చునని చూపడం బాయ్డ్ ప్రత్యేకత.

మాకు కనిపించిన లోటు భాష. నల్లవారి సభలో ఒకలా, తెల్లవారి సభలో మరొకలా ప్రసంగించిన స్టోక్లీ కార్మైకేల్, రేడియో, టీవీల ముందు ఒకే శైలిని ఎంచుకోవలసివచ్చిన సంగతి ఆమె చెప్పింది. కాని భాషల ఎంపికకు ప్రధానస్థానం ఇవ్వలేదు.

బరంపురంలోని మన విద్యార్థినే తీసుకుందాం. ఒడియాలో రాస్తే శ్రీకాకుళంలోని మేనత్త ‘తెలుగు మరిచావురా’ అంటుంది. తెలుగులో రాస్తే తోటివారికి పరాయివాడవుతాడు. ఇద్దరికీ జడిసి ఇంగ్లీషులోకి తప్పుకునేవారిని మేము ఎరుగుదుము. హోసూరులోనూ ఇదే చిక్కు. రెండు భాషలూ అతనివే. ఏదీ వేషం కాదు. బాయ్డ్ విడిచిన ఈ అధ్యాయాన్ని రాయవలసినవారు మీరే.