గుర్రానికి రైలు వేగం: ‘బ్లాక్ బ్యూటీ’ నవల, దాని చలనచిత్ర రూపాలు

‘బ్లాక్ బ్యూటీ’ నవలలో ఒక ఘట్టం ఉన్నది. లండన్ నగరంలో బాడుగ బండి తోలే జెర్రీ బార్కర్‌ను ఇద్దరు యువకులు ఒంటిగంట రైలు అందుకోవాలని తొందరపెడతారు. రైలింజనులా ఆవిరి పెంచి పోనిమ్మంటారు, ఒక షిల్లింగు అదనంగా ఇస్తామంటారు. అతడు ఒప్పుకోడు. మరొక సందర్భంలో, కాలుజారి పడి దెబ్బ తగిలిన యువకుడొకడు పన్నెండు గంటల రైలుకు తనను సౌత్ ఈస్టర్న్ రైల్వే స్టేషనుకు చేర్చమని అడిగినప్పుడు, అదే జెర్రీ అదే గుర్రంతో రద్దీ వీధుల గుండా వేళకు చేరుస్తాడు. అదనపు సొమ్ము మాత్రం పుచ్చుకోడు.

సర్కండాలోని తెలుగు పాఠకుడు ఆ రైల్వే పేరు దగ్గర ఒక్క క్షణం ఆగుతాడు. అది లండన్‌లోని వేరొక సంస్థ అయినప్పటికీ, 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే ఏర్పడే వరకు ఈ ఊరి రైలుమార్గాలు అదే పేరుగల మన రైల్వేకు చెందినవి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి ఇక్కడి తెలుగు కుటుంబాలెన్నింటికో రైలే జీవనాధారం. అట్టి ఊరిలో ఈ నవలను గుర్రం కథగా మాత్రమే గాక రైలు యుగపు కథగా కూడా చదవవచ్చును. సొంత గుర్రమెరుగని పట్టణవాసులు, రైలు ప్రయాణానికి అలవాటుపడినవారు, గుర్రాన్ని కొంచెం చిన్నదైన ఆవిరి యంత్రంగా భావిస్తారని రచయిత్రి ఒక అధ్యాయంలో ఎత్తిపొడుస్తుంది. రైలు వచ్చిన తరువాత ఇంగ్లండులో గుర్రం పని తగ్గలేదు, పెరిగింది. స్టేషను నుండి ఇంటికి మనిషినీ మూటనూ మోయవలసినది అదే గదా!

అన్నా స్యూయెల్ 1877లో ప్రచురించిన ఈ గ్రంథం పిల్లల కోసం వ్రాసినది కాదు. బాల్యంలో కాలికి తగిలిన గాయం వలన సరిగా నడవలేక, బండి మీదనే తిరిగిన ఆమె, గుర్రాలతో పనిచేసేవారిని ఉద్దేశించి దీనిని వ్రాసింది. ప్రచురణ తరువాత కొద్ది నెలలకే, 1878లో, మరణించింది. కాలక్రమంలో ఇది బాలసాహిత్యంలో చేరింది. సినిమాకు అందింది ఆ రెండవ రూపమే. చిక్కంతా అక్కడనే మొదలైంది.

జేమ్స్ హిల్ దర్శకత్వంలో 1971లో వచ్చిన చిత్రం మూలాన్ని దాదాపు వదలిపెట్టింది. అందులో గుర్రం సర్కస్‌లో చేరుతుంది, సైనికాధికారితో భారతదేశానికి వచ్చి యుద్ధం కూడా చేస్తుంది. నవలలో యుద్ధం లేకపోలేదు. కెప్టెన్ అనే ముసలి గుర్రం క్రిమియా యుద్ధాన్ని, అందులో తన యజమాని మరణాన్ని తలచుకొంటుంది. ఆ యుద్ధం దేనికో గుర్రానికి అర్థం కాలేదన్న మాటతో ఆ అధ్యాయం ముగుస్తుంది. ఆ మాట స్థానంలో చిత్రం ఒక సాహసయాత్రను పెట్టింది. చరిత్ర తెలిసిన భారతీయ ప్రేక్షకునికి ఈ మార్పు రుచించడం కష్టం.

1994లో కారొలైన్ థామ్సన్ తీసిన చిత్రం వీటిలో ఉత్తమమైనది. గుర్రమే తన కథ చెప్పుకొనే పద్ధతిని ఆమె విడువలేదు. ఆలన్ కమింగ్ గొంతు అందుకు చక్కగా అమరింది. తల దించనీయకుండా బిగించి కట్టే కళ్ళెపు పట్టీ బాధ, జింజర్ అనే గుర్రం దయనీయమైన చావు, జెర్రీ మంచితనం తెరపై నిలిచాయి. అయితే అందమైన పచ్చికబయళ్ళ వెంట కెమెరా తిరిగినంత తీరికగా బాడుగ లెక్కల వెంట తిరగలేదు. 2020లో యాష్లీ ఏవిస్ కథను అమెరికాకు మార్చి, గుర్రాన్ని అడవి ఆడగుర్రంగా, జో గ్రీన్‌ను తల్లిదండ్రులు లేని బాలికగా చేసింది. నవలలో జో గుర్రపుశాలలో పనికి కుదిరిన కుర్రవాడు. చెమటతో వచ్చిన గుర్రానికి తెలియక చన్నీళ్ళు త్రాగించి, దుప్పటి కప్పక, దాని ప్రాణం మీదికి తెస్తాడు. అజ్ఞానం కూడా క్రౌర్యమంత కీడు చేస్తుందన్నది అక్కడి విషయం. కొత్త చిత్రంలో ప్రధానమైనది బాలికకూ గుర్రానికీ మధ్య ప్రేమ.

ప్రేమకథగానే పుట్టిన పుస్తకానికి ఈ ఇబ్బంది లేదు. వాల్టర్ ఫార్లీ 1941లో వ్రాసిన ‘ది బ్లాక్ స్టాలియన్’ నవలను కారోల్ బల్లార్డ్ 1979లో చిత్రించినప్పుడు, నిర్జన ద్వీపంలో బాలుడూ గుర్రమూ దగ్గరయ్యే భాగాన్ని దాదాపు మాటలు లేకుండా నడిపించాడు. అది గొప్ప చిత్రణ. అక్కడ గుర్రానికి పని లేదు, యజమాని లేడు, బాడుగ లేదు. అందుచేతనే మౌనం చాలింది.

‘బ్లాక్ బ్యూటీ’లో మాత్రం మాట తప్పనిసరి. సీడీ సామ్ అనే బండివాడు ఆ నవలకు గుండెకాయ. బండికీ రెండు గుర్రాలకూ యజమానికి రోజుకు 18 షిల్లింగులు చెల్లించిన తరువాతనే తన కూటికి సంపాదించుకోవాలి. రోజుకు 14 నుండి 16 గంటలు బండి మీదనే. అలసిన గుర్రాన్ని కొడుతున్నాడని నిందించినవారికి అతడు ఈ లెక్కే చెబుతాడు, కొద్దికాలానికి చనిపోతాడు. దినబాడుగకు రిక్షా తొక్కిన మనిషిని ఎరిగిన మన పట్టణాలకు ఈ లెక్క వివరించనక్కరలేదు. తెలుగు జానపద చిత్రాలలో గుర్రం రాకుమారుని వాహనం. జట్కా లాగే గుర్రానికి, దానిని తోలే మనిషికి కథానాయక స్థానం అరుదు. విదేశీ కుటుంబ చిత్రాలు కూడా సామ్‌ను ప్రక్కకు నెట్టితే పిల్లలకు మిగిలేది మంచి యజమాని, చెడ్డ యజమాని అన్న విభజన మాత్రమే.

మన దేశంలో 1960 నాటి జంతు హింసా నిరోధక చట్టం క్రింద 1965లో బండి లాగే, బరువు మోసే జంతువుల కొరకు నియమావళి వచ్చింది. దాని ప్రకారం జంతువుచేత రోజుకు 9 గంటలకు మించి పని చేయించరాదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే ప్రాంతాలలో మధ్యాహ్నం 12 నుండి 3 వరకు పని చేయించరాదు. ఆ నియమావళిని అమలుపరచే అధికారి ‘బ్లాక్ బ్యూటీ’ చిత్రాలలో దేనిని చూసినా, తొమ్మిది గంటలు దాటిన బండివానిని ఆపడం నేర్చుకోగలడు. ఆ బండివాడు పదవ గంటలో ఎవరి బాకీ తీరుస్తున్నాడో తెలియాలంటే సామ్ మాట్లాడే ఆ అధ్యాయాన్ని చదవవలసిందే.