పాటకు ముందు మాట

ఆదోని, ఎమ్మిగనూరు వైపు పాడేవాళ్లకు కొదవ లేదు. గుళ్లో భజనలు, తంబూర మీద తత్వాలు, మంత్రాలయం దారిలో కన్నడ దాసర పదాలు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది. అందుకే ఇక్కడ కన్నడ పదం వెంటే తెలుగు తత్వం వినిపిస్తుంది. ఇంత ఉండీ ఈ గాయకుల పేర్లు పక్క మండలానికి చేరవు.

వీళ్ల వీడియోలు ఫోన్లలో తిరుగుతూనే ఉంటాయి. అర నిమిషం చూసి వేలితో పైకి తోసేస్తాం. పాడిందెవరో, ఏ ఊరో అడగం. ఆ పరిచయం పాడ్‌కాస్ట్‌తో కుదురుతుందని నా గట్టి నమ్మకం. గాయకుడిని ఓ అరగంట మాట్లాడించి, నడుమ రెండు పాటలు పాడించాలి. ఆ తత్వం ఎవరి దగ్గర నేర్చాడో, చివరి చరణంలో గొంతు ఎందుకు తగ్గిస్తాడో అతనే చెబితే పాట మనసుకు పడుతుంది. హరికథ చెప్పే హరిదాసులకు ఈ కిటుకు ఎప్పుడో తెలుసు. పిట్టకథ చెప్పి మరీ కీర్తన ఎత్తుకునేవారు. 2014లో హృషీకేశ్ హిర్వే మొదలుపెట్టిన ‘సాంగ్ ఎక్స్‌ప్లోడర్’ పాడ్‌కాస్ట్‌దీ ఇదే దారి: పాట కట్టినవాళ్లే దాన్ని విడమర్చి చెబుతారు, ఆఖర్న పాటంతా వినిపిస్తుంది.

దీనికి స్టూడియో అక్కర్లేదు. ఫ్యాను ఆపి, గోడలకు బొంతలు వేలాడదీస్తే గది మోగదు. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉండాలి. హార్మోనియం వెనక్కి జరపాలి, లేదంటే తిత్తి చప్పుడు గొంతును మింగేస్తుంది. ఇక హక్కుల మాటకొస్తే, తరాల నాటి తత్వాలు ఎవరైనా పాడుకోవచ్చు. సినిమా పాటకు మాత్రం అనుమతి కావాలి.

పాడ్‌కాస్ట్ మీద డబ్బు రావడం అరుదు. వచ్చేది వినేవాళ్లు, వాళ్ల వెంట జాతరకో పెళ్లికో పిలుపు రావచ్చు. అయితే వారం వారం నడపడం ఒక్కరి వల్ల కాదు. 1938లో మాచాని సోమప్ప గారు ఎమ్మిగనూరు నేతగాళ్లను ఒక సహకార సంఘంగా కూడగట్టారు. పాడేవాళ్లూ అలా కలవాలి. అందరికీ ఒకటే పాడ్‌కాస్ట్, వారానికో బృందం. కోసిగి గాయకుడి కోసం వచ్చినవాళ్లు మరుసటి వారం గోనెగండ్ల భజననూ వింటారు. ఎవరైనా ఈ పని తలకెత్తుకుంటే మొదటి మైకు ఖర్చు నాది.