ప్రయోగం, చేరవేత: రోదసి వార్తల తెలుగుపై ఒక పరిశీలన

వైజ్ఞానిక విషయాలను తెలుగులో రాయడం గురించి చర్చ వచ్చినప్పుడల్లా పారిభాషిక పదాలు చాలవనే ఫిర్యాదుతో మొదలుపెట్టడం మనకు పరిపాటి. రోదసి వార్తల విషయంలో ఆ ఫిర్యాదుకు తావు లేదు. ఉపగ్రహం, కక్ష్య, వాహకనౌక, వ్యోమగామి వంటి మాటలు చదువరులకు ఎప్పుడో అలవాటయ్యాయి. ఇక్కడి ఇబ్బంది వేరు. ఒకే మాట మీద మోయలేనంత బరువు పడింది. ఆ మాట 'ప్రయోగం'. రోదసి రంగంలోకి ప్రైవేటు సంస్థలు ప్రవేశించిన ఈ కాలంలో ఆ బరువు వల్ల వార్త అర్థమే మసకబారుతున్నదని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

సంస్కృతం నుంచి వచ్చిన ఈ మాటకు తెలుగులో వాడుకలు అనేకం. వ్యాకరణంలో కర్మణి ప్రయోగం, రంగస్థలం మీద నాటక ప్రయోగం, పురాణ కథల్లో అస్త్ర ప్రయోగం, పాలనలో అధికార ప్రయోగం. ఆధునిక విజ్ఞానశాస్త్రం వచ్చాక 'పరీక్షించి తెలుసుకోవడం' అనే అర్థం దీనికి స్థిరపడింది. ప్రయోగశాల అనే సమాసం ఆ అర్థంలోనిదే. రాకెట్టును నింగికి పంపడానికి కూడా పత్రికలు ఈ మాటనే తీసుకున్నాయి. అస్త్ర ప్రయోగమనే పాత వాడుక ఇందుకు దారి చూపి ఉండవచ్చు. కాని నేటి పాఠకునికి అస్త్రం కంటె ప్రయోగశాలే దగ్గర. 'శ్రీహరికోట నుంచి ప్రయోగం' అనగానే పంపడమూ పరీక్షించడమూ రెండూ కలిసి వినిపిస్తాయి.

ఇరుగుపొరుగు భాషల నడుమ బతుకుతున్న మనకు ఈ సంగతి త్వరగా తడుతుంది. తమిళ పత్రిక రాకెట్టును పంపడాన్ని 'ఏవుదల్' అంటుంది. పరీక్షకు దానికి 'సోదనై' వేరే ఉంది. కన్నడంలో 'ఉడావణె', మరాఠీలో 'ప్రక్షేపణ' అంటారు. ఈ రెండు భాషలూ 'ప్రయోగ' శబ్దాన్ని శాస్త్ర పరీక్షకు అట్టిపెట్టుకున్నాయి. ఒడియాలో 'ఉత్‌క్షేపణ' ఉంది. యానాంలో ఫ్రెంచి చదువుకున్న పెద్దలకు ఆ భాషలోనూ ఈ రెండింటికీ రెండు మాటలున్నాయని తెలుసు. అంత దూరం పోనక్కరలేదు. మన వాళ్ళ నోట వినిపించేది 'రాకెట్టు వదిలారు' అనే మాటే. నోటి తెలుగు పాటించే తేడాను అచ్చు తెలుగు చెరిపివేసింది.

ఒకప్పుడు ఈ కలగలుపు వల్ల పెద్ద నష్టం లేదు. 1979 ఆగస్టులో ఎస్.ఎల్.వి.-3 తొలిసారి లేచి బంగాళాఖాతంలో పడిపోయింది. 1980 జూలైలో రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. ఆ రోజుల్లో పంపడమే పరీక్ష, పరీక్షే పంపడం. డబ్బు ప్రజలది, సంస్థ ప్రజలది. ఓటమిని ఓర్చుకోవడానికి 'ప్రయోగం' అన్న మాట న్యాయంగానే తోడ్పడింది.

ఇప్పటి పరిస్థితి అది కాదు. 2022 అక్టోబరులోను, 2023 మార్చిలోను ఎల్.వి.ఎం.-3 రాకెట్లు వన్‌వెబ్ అనే విదేశీ సంస్థకు చెందిన 36 చొప్పున మొత్తం 72 ఉపగ్రహాలను కక్ష్యకు చేర్చాయి. ఒప్పందం కుదుర్చుకున్నది ఇస్రో వాణిజ్య విభాగమైన న్యూస్పేస్ ఇండియా. ఇది కిరాయి తీసుకొని సరుకు చేర్చిన పని. ఇందులో పరీక్షించి తెలుసుకోవలసినది ప్రధానం కాదు. ఇటువంటి పనిని కూడా ప్రయోగమనే పిలిస్తే కిరాయి ఎంత, నష్టభయం ఎవరిది అనే ప్రశ్నలు పాఠకుని మనసులో పుట్టనే పుట్టవు.

రెండర్థాలూ ఒకే సంఘటనలో ఎదురుపడిన సందర్భమూ ఉంది. 2022 ఆగస్టు 7న ఎస్.ఎస్.ఎల్.వి. తొలిసారి ఎగిరింది. కొత్త రాకెట్టు కనుక అది నిజంగా పరీక్షే. అయితే అందులో 75 ప్రభుత్వ పాఠశాలల బాలికలు, సుమారు 750 మంది, చేయి వేసి తయారుచేసిన ఆజాదీశాట్ కూడా ఉంది. 356 కిలోమీటర్ల వృత్తాకార కక్ష్యకు బదులు, ఒక కొస 76 కిలోమీటర్లకు దిగే కక్ష్యలో పడడం వల్ల ఉపగ్రహాలు నిలవలేదు. రాకెట్టు నిర్మాతలకు అది పాఠం. రెండవ దశ విడిపోయేటప్పుడు పుట్టిన ప్రకంపనలు యంత్రాన్ని తప్పుదారి పట్టించాయని తేలింది. 2023 ఫిబ్రవరిలో రెండవసారి పంపినప్పుడు రాకెట్టు, అందులోని ఆజాదీశాట్-2 రెండూ గమ్యం చేరాయి. కాని ఆ ఆగస్టు ఉదయం ఆ పిల్లలకు పోయినది ఉపగ్రహమే. 'ప్రయోగం విఫలం' అన్న రెండు మాటల్లో ఈ ఇద్దరి అనుభవాలలో ఏది పలికింది? రెండూ సగం సగం పలికాయి, ఏదీ పూర్తిగా పలకలేదు. ఈ రాకెట్టు నిర్మాణ పరిజ్ఞానాన్ని పరిశ్రమకు అప్పగించే పోటీలో 2025 జూన్‌లో బెంగుళూరు హిందుస్తాన్ ఏరోనాటిక్స్ నెగ్గింది. ఇకమీద ఇది బేరసారాల వస్తువు. మాటలో స్పష్టత అవసరం మరింత పెరుగుతుంది.

ప్రైవేటు సంస్థల తొలి అడుగులను ప్రయోగాలనడంలో తప్పు లేదు. హైదరాబాదుకు చెందిన స్కైరూట్ 2022 నవంబరు 18న ఎగురవేసిన విక్రమ్-ఎస్, చెన్నైకి చెందిన అగ్నికుల్ 2024 మే 30న ఎగురవేసిన అగ్నిబాణ్ పరీక్షా రాకెట్టు, రెండూ కక్ష్యకు పోవడానికి ఉద్దేశించినవి కావు. సాంకేతిక సామర్థ్యాన్ని సరిచూసుకోవడానికి ఎగిరినవి. అక్కడ మన మాట రెండర్థాలలోనూ సరిపోతుంది.

సరిపోని చోటు అమెరికాలో కనిపిస్తుంది. 2023 ఏప్రిల్ 20న టెక్సాస్ తీరం నుంచి స్పేస్‌ఎక్స్ స్టార్‌షిప్ తొలిసారి లేచి సుమారు నాలుగు నిమిషాలకు గాలిలోనే తునాతునకలైంది. పరీక్షలో ఎంతో నేర్చుకున్నామని సంస్థ సంబరపడింది. ఆ మాట అబద్ధం కాదు. 2024 అక్టోబరులో ఆ రాకెట్టు కింది భాగాన్ని దాని గోపురమే చేతులు చాచి పట్టుకున్నప్పుడు ఆ నేర్పు రుజువైంది కూడా. అయితే తొలినాడు వేదిక కింది కాంక్రీటు పగిలి, దుమ్ము పోర్ట్ ఇసబెల్ పట్టణం దాకా పోయి ఇళ్ళ మీద పడింది. 63 దిద్దుబాట్లు చేయాలని అక్కడి విమానయాన అధికార సంస్థ చెప్పవలసి వచ్చింది. ప్రయోగశాల గోడలు దాటి ఊరి మీద పడిన దుమ్మును ఏమనాలి? ప్రయోగం అనే మాటలో ఉన్న క్షమాగుణాన్ని వ్యాపార సంస్థకు మనం అడగకుండానే ఇచ్చేస్తున్నాము.

'వ్యోమగామి' సంగతీ ఇటువంటిదే. ధాత్వర్థం ప్రకారం ఆకాశానికి పోయేవారెవరైనా వ్యోమగాములే. వాడుకలో మాత్రం అది సంవత్సరాల శిక్షణతో వచ్చే వృత్తినామం. 2021 జూలై 11న శిరీష బండ్ల వర్జిన్ గెలాక్టిక్ నౌకలో సుమారు 86 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళారు. ఆ సంస్థ ఉద్యోగిగా వెళ్ళి, ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వారి మొక్కల పరీక్షను అక్కడ నిర్వహించారు. 2024 మే 19న విజయవాడలో పుట్టిన గోపి తోటకూర బ్లూ ఆరిజిన్ నౌకలో ప్రయాణికుడిగా సుమారు పది నిమిషాలు పోయివచ్చారు. 2025 జూన్ 25న బయలుదేరిన శుభాంశు శుక్లా ప్రైవేటు నౌకలోనే పోయినా, భారత ప్రభుత్వం పంపగా, శిక్షణ పొందిన చోదకుడిగా పోయి, అంతర్జాతీయ కేంద్రంలో రెండు వారాలకు పైగా పనిచేశారు. ముగ్గురూ అభినందనీయులే. కాని ముగ్గురినీ ఒకే మాటతో పిలిస్తే ఎవరి పని ఏమిటో తెలియదు. అమెరికా చట్టమే రుసుము చెల్లించి పోయేవారికి వేరే పేరు పెట్టింది. మనకు 'రోదసి ప్రయాణికుడు' అనే మాట సిద్ధంగా ఉంది. అది చిన్నతనమేమీ కాదు.

ఇక 'ప్రైవేటు' అన్న మాట. విక్రమ్-ఎస్ లేచినది ఇస్రో వేదిక మీది నుంచి. శ్రీహరికోట యానాదులు తరతరాలుగా బతికిన దీవి. ప్రజావసరం పేరిట ప్రభుత్వం తీసుకున్న నేల. 1967 నాటి అంతర్జాతీయ ఒడంబడిక ప్రకారం ఏ దేశపు ప్రైవేటు సంస్థ రోదసిలో ఏమి చేసినా బాధ్యత ఆ దేశ ప్రభుత్వానిదే. లాభం సంస్థది, పూచీ ప్రజలది అయిన వ్యవహారాన్ని ప్రైవేటు అని ఊరుకోవడం సగం నిజమే చెప్పడం.

సందర్భాన్ని బట్టి అర్థం తెలియదా, ఒక మాటకు అనేకార్థాలుండడం భాషకు సహజం కాదా అని అడగవచ్చు. సహజమే. కాని సందర్భం తెలిసినవారికే సందర్భం సాయపడుతుంది. రోదసి వ్యాపారం గురించి సాధారణ పాఠకునికి తెలిసేది ఆ వార్త ద్వారానే. వార్తే సందర్భాన్ని దాచిపెడితే అతనికి వేరే ఆధారం లేదు.

అందుకు కొత్త పదకోశం అవసరం లేదు. రాకెట్టును సరిచూడడానికి పంపితే ప్రయోగం అందాము. కిరాయికి ఉపగ్రహాలను పంపితే చేరవేత అందాము. 'వాహకనౌక' అన్న మాటను ఒప్పుకున్న భాష చేరవేతను కాదనదు. రెండూ కలిసిన చోట రెండూ చెబుదాము. తమిళనాడులో కులశేఖరపట్టణం వద్ద చిన్న రాకెట్ల కోసం రెండవ కేంద్రానికి 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగింది. అక్కడి వార్తలను మనలో చాలామంది తమిళంలోను తెలుగులోను కూడా చదువుతారు. తమిళంలో తెలిసిన తేడా తెలుగులో తెలియకుండా పోరాదు.